బాబిన్ మింగిన దారం

"తప్పు నాదే" అన్న మాట మా పెద్దమ్మ నోట విన్నవాళ్ళు మొన్న మొన్నటిదాకా ఎవరూ లేరు. మా ఇంట్లో లేరు, మా వీధిలో లేరు, ఆమె దగ్గర బట్టలు కుట్టించుకున్న వందల మందిలోనూ లేరు. చొక్కా పొట్టిగా వచ్చిందని ఎవరైనా తిరిగి తెస్తే టేపు తీసి ముందు చొక్కాని కొలిచేది, తర్వాత మనిషిని కొలిచేది. "చొక్కా సరిగ్గానే ఉంది. నువ్వే పెరిగావు," అనేది. ఆ మనిషికి యాభై ఏళ్ళుంటాయి. అయినా మారుమాట్లాడకుండా పట్టుకుపోయేవాడు. మర్నాడు మళ్ళీ వచ్చి ఇంకో ప్యాంటు గుడ్డ ఇచ్చేవాడు. ఆమె కుట్టు అలాంటిది, నోరూ అలాంటిదే.

పదహారో ఏట ఆమె స్కూలు యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో చేరింది. కాలర్ల వరసలో ఇరవై రెండేళ్ళు కూర్చుంది. పని గంటల్లో ఆడవాళ్ళు మాటిమాటికీ లేచిపోతున్నారని కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు ఒకడు మరుగుదొడ్డికి తాళం వేయించి, తాళంచెవి తాడుకు కట్టి నడుముకి వేలాడేసుకున్నాడు. పెద్దమ్మ కత్తెర పట్టుకుని లేచి, నడిచి వెళ్ళి, ఆ తాడు కత్తిరించి, తాళంచెవి తన మెడలో వేసుకుని వచ్చి మళ్ళీ కాలర్లు కుట్టుకుంది. సాయంత్రం దాకా అది ఆమె మెడలోనే ఉంది. మర్నాడు ఉద్యోగం పోయింది. తాళం మాత్రం మళ్ళీ పడలేదని, ఆ తర్వాత అక్కడ పనిచేసినవాళ్ళు చెప్పారు.

పెదనాన్న సంగతీ అంతే. "నేను కావాలా, ఆ మిషను కావాలా?" అని ఆయన ఒకరోజు అడిగాడట. అడక్కుండా ఉండాల్సింది. కుట్టుమిషను ఇనప కాళ్ళతో సహా గుమ్మం దాటించడం కష్టమైంది గానీ, ఆయన్ని దాటి రావడం ఏమంత కష్టం కాలేదని పెద్దమ్మ ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది.

ఆ మిషనుతోనే కొట్టు పెట్టింది. మేడమెట్ల కింద ఒక గది, ముందు షట్టరు. లోపల రెండు మిషన్లు, ఒక పెద్ద కటింగ్ బల్ల, నిలువుటద్దం, బట్టలు వేసి చూసుకోవడానికి మూలన ఒక తెర. పదకొండేళ్ళుగా నేనూ అక్కడే. కాజాలు, గుండీలు, అంచులు, కచ్చాకుట్లు నా పని. కచ్చాకుట్టు అంటే అసలు కుట్టు పడేదాకా బట్ట కదలకుండా చేత్తో వేసే పొడుగాటి తెల్లదారం కుట్టు. పని అయిపోయాక దాన్ని లాగి పారేయాలి. లాగడంలో పెద్దమ్మ చెయ్యి తిరిగింది. చివర రెండు వేళ్ళతో పట్టుకుని ఒక్క లాగు లాగితే భుజం నుంచి అంచు దాకా దారం తెగకుండా బయటికి వచ్చేసేది. వచ్చినదాన్ని మూత ఉన్న బిస్కెట్ డబ్బాలో వేయాలి, నేల మీద పడకూడదు. అది కొట్టులో మొదటి రూలు. నేను దారం చివర రెండు ముళ్ళు వేస్తాను. చిన్నప్పటి అలవాటు, ఒక ముడి మీద నాకు నమ్మకం లేదు. "కచ్చాకుట్టుకి రెండు ముళ్ళెందుకే, ఏనుగుని కట్టేస్తున్నావా?" అని పెద్దమ్మ రోజుకోసారైనా అనేది.

ఇక బాబిన్, మా పిల్లి. ఐదేళ్ళ కిందట ఒక వానరోజు షట్టరు కిందనుంచి దూరి, గుడ్డముక్కల పెట్టెలో చుట్ట చుట్టుకుని పడుకుంది. బూడిదరంగు ఒళ్ళు, మెడకింద తెలుపు. మిషను కింద దారం చుట్టుకుని ఉండే బాబిన్‌లాగే ఉందని ఆ పేరు పెట్టాం. పగలంతా మిషను బల్ల మీద లైటు వెచ్చదనానికి పడుకునేది. ఎవరైనా తోలబోతే పెద్దమ్మ ఊరుకునేది కాదు. "అది స్టాఫ్. నువ్వు కస్టమర్‌వి. నిలబడు," అనేది.

ఆ సోమవారం నేను కొట్టుకి వచ్చేసరికి బాబిన్ బల్ల మీద లేదు, పెట్టెలో మొహం దాచుకుని ఉంది. కాసేపటికి వాంతి చేసుకుంది. మళ్ళీ చేసుకుంది. మధ్యాహ్నానికి నీళ్ళు కూడా నిలవలేదు. ముందుకాలితో మూతి గీరుకుంటోంది. పెద్దమ్మ ఏమీ మాట్లాడలేదు. మాట్లాడకపోవడం ఆమె లక్షణం కాదు. ఇంకోటి కూడా కనిపెట్టాను. ఆ రోజు ఆమె ఒక్క కచ్చాకుట్టు కూడా వేయలేదు, నన్నూ వేయనివ్వలేదు. కోటు చేతులకి వరసగా గుండుసూదులు గుచ్చుతూ కూర్చుంది. ఎందుకని అడిగితే, "నా కొట్టు, నా సూదులు," అంది.

మంగళవారం ఉదయం బాబిన్‌ని మూతబుట్టలో పెట్టుకుని బయల్దేరాం. అప్పుడే మా నాన్న ఎదురొచ్చాడు.

"వదినా, పిల్లి కోసం కొట్టు మూసేస్తావా? వీధికి పది పిల్లులు దొరుకుతాయి," అన్నాడు నవ్వుతూ.

"వీధికి పది మంది మరుదులు కూడా దొరుకుతారు. అయినా నిన్ను భరించట్లేదూ? పక్కకి జరుగు," అంది పెద్దమ్మ.

మాకు తెలిసిన జంతువుల ఆసుపత్రి ఒక్కటే, పెద్దరోడ్డు మీద అద్దాల తలుపులది. లోపల చల్లగా ఉంది, నేల మెరుస్తోంది, గోడ మీద నవ్వుతున్న కుక్కపిల్లల ఫొటోలు. గంటన్నర కూర్చున్నాక లోపలికి పిలిచారు. డాక్టరు బుట్ట మూత జానెడు ఎత్తి చూసి దించేశాడు. ఎన్నాళ్ళ నుంచి, ఎన్నిసార్లు అని అడిగాడు.

"ఏమైనా మింగిందా? దారం, ప్లాస్టిక్, అలాంటివి?" అన్నాడు కాగితం మీద రాసుకుంటూ.

"ఏమీ మింగలేదు. నా కొట్లో కింద ఏదీ పడదు," అంది పెద్దమ్మ టక్కున.

ఆయన రక్తపరీక్ష, స్కానింగు, ఇంకో రెండు పరీక్షలు, మూడు రోజులు అక్కడే ఉంచడం అని రాసిన కాగితం మా ముందుకు తోశాడు. కింద వేసిన అంకె మా కొట్టు నాలుగు నెలల అద్దె కంటే ఎక్కువ. మా మొహాలు చూశాడు, మా చెప్పులు కూడా చూశాడు.

"మామూలు వీధి పిల్లే కదా మేడమ్. ఇంత ఖర్చు దండగ. నొప్పి లేకుండా నిద్రపుచ్చేద్దాం. దానికి పెద్దగా ఖర్చు కాదు. ఇక్కడ సంతకం పెట్టండి," అన్నాడు ఇంకో కాగితం తీస్తూ.

పెద్దమ్మ లేచింది. "నాకు నిద్ర పట్టనప్పుడు నేనొస్తాను సార్. ఇది నిద్రపోవడానికి రాలేదు," అని బుట్ట తీసుకుంది.

గుమ్మం దాటాక నాతో అంది, "వాడి కోటు చూశావా? తెల్లగా, ఇస్త్రీ మడత నలగకుండా. మీద ఒక్క వెంట్రుక లేదు. రోజంతా జంతువుల మధ్య ఉండే మనిషికి కోటు మీద వెంట్రుక లేకపోతే, వాడు దేన్నీ ముట్టుకోలేదన్నమాట." పెద్దమ్మ ఒంటి మీది నల్లటి బట్టలు బాబిన్ వెంట్రుకలతో బూడిదరంగుకి తిరిగి ఉన్నాయి.

ఆ డాక్టరు మీద నాకు ఇప్పటికీ కోపమే. అయితే ఒక్కటి చెప్పకపోతే నేనూ అబద్ధం ఆడినట్టే. ఆయన అడగాల్సిన ప్రశ్న అడిగాడు.

బుధవారం పొద్దున్నే ప్రభుత్వ పశువుల ఆసుపత్రికి వెళ్ళాం. కిటికీ వెనక గుమాస్తా తల ఎత్తకుండానే, "కుక్కలూ పిల్లులూ శుక్రవారం," అన్నాడు. రెండు రోజులుగా నీళ్ళు కూడా దిగట్లేదని చెప్పాను. "శుక్రవారం," అన్నాడు మళ్ళీ. పెద్దమ్మ నన్ను పక్కకి నెట్టి కిటికీలో తల పెట్టింది.

"అయితే ఒక చీటీ రాసివ్వండి బాబూ, శుక్రవారం దాకా చావకూడదని. కింద స్టాంపు కూడా వెయ్యండి. దీనికి చదివి వినిపిస్తాను," అంది.

వెనక వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. గుమాస్తా కిటికీ రెక్క వేసేశాడు. నాకు ఏడుపొచ్చింది, పెద్దమ్మకి రాలేదు. బాబిన్ అప్పటికే బుట్టలో పక్కకి ఒరిగి, కళ్ళు సగం మూసి ఉంది.

కొట్టుకి తిరిగొచ్చాం. ఇంకెక్కడికి వెళ్ళాలో తెలియదు. పెద్దమ్మ బుట్ట ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చుని ఎదురుగోడ చూస్తోంది. ఆ గోడకి కొక్కేలు, కొక్కేలకి రిపేరు బట్టలు. చాలాసేపు అలా చూసి ఉన్నట్టుండి లేచింది. బుట్ట నా చేతుల్లో పెట్టి, కొక్కెం మీది మట్టిరంగు ప్యాంటు ఒకటి లాగింది.

ఆ ప్యాంటు నాకూ తెలుసు. నాలుగు వీధుల అవతల లాండ్రీ నడిపే ఆయన, తన దగ్గరికొచ్చే చిరుగుల బట్టలు మాకు తెచ్చి ఇస్తుంటాడు. వాటిలో ఆరునెలలకోసారి ఈ మట్టిరంగువి రెండు మూడు ప్యాంట్లు తప్పకుండా ఉంటాయి. ఎప్పుడూ మోకాళ్ళ దగ్గరే అరుగుడు. అతుకు మీద అతుకు వేసి వేసి పెద్దమ్మకి విసుగొచ్చేది. "ఎవడే వీడు, మోకాళ్ళ మీద నడుస్తాడా? పాకుతూ వెళ్ళి దొంగతనాలు చేస్తాడా?" అని తిట్టుకునేది. జేబుల్లో గడ్డిపరకలు, ఇంజక్షను సూదుల మూతలు దొరికేవి. ఒకసారి కాగితంలో చుట్టిన కుక్క పన్ను దొరికితే నేను కెవ్వుమన్నాను.

ఇప్పుడు ఆ ప్యాంటుని కటింగ్ బల్ల మీద పరిచి, లైటు వంచి, కళ్ళజోడు పెట్టుకుని చూసింది. "ఇటు రా. ఈ పొట్టి వెంట్రుక కుక్కది. ఈ ముతకది మేకది. ఇదిగో, ఇది పిల్లిది. ఈ కాలి అంచు చూడు, పళ్ళ గాట్లు. ఈ తొడ మీద గోళ్ళతో చీల్చినచోటు పోయినసారి నేనే అల్లాను. ఇన్ని జంతువులు కరిచి, గీరి, మీద వాంతి చేసుకున్నాక కూడా ఈ మనిషి మళ్ళీ వాటి పక్కన కిందే కూర్చుంటున్నాడు. లే, లాండ్రీకి పద," అంది.

లాండ్రీ ఆయన మమ్మల్ని వింతగా చూశాడు. "ఆయనా? డాక్టరండీ. పశువుల డాక్టరు. దాణా కొట్టు వెనక షెడ్డులో ఉంటాడు. ఆ బట్టలు ఉతకలేక చస్తున్నాను," అన్నాడు.

ఒక చేత్తో బుట్ట, ఇంకో చేత్తో ప్యాంటు పట్టుకుని పెద్దమ్మ దాదాపు పరుగెత్తింది. దాణా కొట్టు వెనక రేకుల షెడ్డు. ముందు వరసలో ఒక మేక, ఒళ్ళో కోడిని పెట్టుకున్న ముసలావిడ, చెవికి కట్టు ఉన్న కుక్క. లోపల ఒక నడివయసు మనిషి నేల మీద మోకాళ్ళూని దూడ నోట్లో చెయ్యి పెట్టి ఉన్నాడు. ఆ మోకాళ్ళు చూడగానే మాకు మనిషిని అడగాల్సిన పని లేకపోయింది. పెద్దమ్మ చేతిలో ప్యాంటు చూసి ఆయన, "అది నాదే కదా. అతుకులు అయ్యాయా?" అన్నాడు.

"ముందు దీన్ని చూడండి. తర్వాత మీ మోకాళ్ళు చూస్తాను," అంది పెద్దమ్మ.

కోడి ముసలావిడ మా బుట్టలోకి తొంగిచూసి, "నాది ఆగుతుందమ్మా, వెళ్ళండి," అంది. మేక ఆయనా తల ఊపాడు.

డాక్టరు చేతులు కడుక్కుని వచ్చి మళ్ళీ నేల మీదే కూర్చున్నాడు. బాబిన్‌ని బుట్టలోంచి తన ఒళ్ళోకి తీసుకున్నాడు. కాసేపు ఏమీ చేయలేదు, ఊరికే వీపు మీద చెయ్యి వేసి ఉంచాడు. తర్వాత పొట్ట మెల్లగా నొక్కాడు. నోరు తెరిచి, కిందనుంచి బొటనవేలితో గొంతు పైకి నెట్టి, నాలుక ఎత్తి చూశాడు.

"దారం," అన్నాడు. "నాలుక మొదట్లో మెలిపడి ఉంది. మిగతాది లోపలికి పోయింది."

ఆదివారం సాయంత్రం ఒక కోటు తొందరగా ఇచ్చేయాలని కచ్చాకుట్టు నేనే లాగాను. డబ్బా అందలేదు. బల్ల కిందికి విసిరేశాను, పోయేటప్పుడు తీద్దామనుకుని మర్చిపోయాను. మామూలుగా నాది ఊరుకునే నోరు కాదు, ఆ రోజు మాత్రం పెగల్లేదు.

"బయటికి వేలాడుతున్న దారం ఎవరైనా లాగారా?" అని అడిగాడు డాక్టరు.

పెద్దమ్మ ఖాళీ బుట్ట మూత సర్దింది.

"తిట్టడానికి కాదమ్మా అడిగేది. మీరు కుట్టుపని చేసేవాళ్ళలా ఉన్నారు, మీకు చెబితే తెలుస్తుంది. గుడ్డలో దారం వేసి ఒక కొస బిగించి రెండో కొస లాగితే ఏమవుతుంది?"

"కుచ్చులు పడుతుంది," అంది పెద్దమ్మ. గొంతు నాకు కొత్తగా వినిపించింది.

"ఇప్పుడు లోపల పేగు అలా కుచ్చులు పడి ఉంది. గట్టిగా లాగి ఉంటే ఎక్కడో కోసుకుని కూడా ఉంటుంది. పొట్ట తెరిచాక దేనికోసం వెతకాలో నాకు ముందే తెలిస్తే దీనికి మంచిది. అందుకే అడుగుతున్నాను."

పెద్దమ్మ నిటారుగా నిలబడింది. ఫ్యాక్టరీలో కత్తెర పట్టుకుని లేచినప్పుడు కూడా ఇలాగే నిలబడి ఉంటుందనిపించింది.

"నేనే లాగాను. సోమవారం పొద్దున. మూతి పక్కన దారం కనబడితే కచ్చాకుట్టు లాగినట్టు లాగాను. జానెడు వచ్చి ఆగిపోయింది. ఆగినప్పుడు వదిలెయ్యాల్సింది. నలభై ఏళ్ళుగా నా చేతిలో దారం తెగింది లేదు, ఆగింది లేదు. ఇంకోసారి గట్టిగా లాగాను. అది అరిచింది. దారం తెగింది. అద్దాల ఆసుపత్రిలో అడిగితే ఏమీ మింగలేదని అబద్ధం చెప్పాను. తప్పు నాదే," అంది.

గుక్క తిప్పుకోకుండా అంది. డాక్టరు తల ఊపాడు, అంతే. అయ్యో అనలేదు, పరవాలేదు అని కూడా అనలేదు.

"ఇప్పుడే కొయ్యాలి. బతుకుతుందని మాటివ్వలేను, సగం సగం. మత్తుకీ మందులకీ అయ్యేది, నా కూలీ కలిపి ఇంత," అని ఒక అంకె చెప్పాడు. నాలుగు ప్యాంట్లు కుట్టిన కూలి.

"తక్కువ చెబుతున్నారు. నాకు ధర్మానికి చెయ్యక్కర్లేదు," అంది పెద్దమ్మ. తప్పు ఒప్పుకున్నంత మాత్రాన పొగరు ఎక్కడికి పోతుంది!

"ధర్మం అని ఎవరన్నారు? నా రేటు అదే. మేకకైనా అంతే. మీ రేటు కస్టమరు చెప్పులు చూసి మారుస్తారా మీరు?"

"మార్చను."

"మరి నన్ను మార్చమంటారేం? చేతులు వణుకుతాయా మీకు?"

"నలభై ఏళ్ళుగా సూదిలో దారం ఎక్కిస్తున్నాను."

"అయితే మోచేతుల దాకా కడుక్కుని ఈ టార్చిలైటు పట్టుకోండి. షెడ్డులో వెలుతురు చాలదు."

నన్ను బయట కూర్చోమన్నారు. మధ్యలో అరతలుపు ఉంది, దాని మీదనుంచి వాళ్ళ వీపులు కనబడుతూనే ఉన్నాయి. గంటన్నర పట్టింది. కోడి ముసలావిడ నా పక్కనే కూర్చుంది, తన పని అయ్యేదాకా ఉండాలి కదా పాపం. డాక్టరు మెల్లగా మాట్లాడటం వినబడుతోంది. లైటు ఇటు, కొంచెం పైకి, అలా ఉంచండి.

"ఈ చిల్లు," అంది పెద్దమ్మ గొంతు. "ఇది నేను లాగినప్పుడు పడిందేనా?"

"అవునమ్మా. లాగినప్పుడు పడిందే."

ఆయన అబద్ధం చెప్పి ఉండొచ్చు. నేనైతే చెప్పేదాన్ని. ఆ షెడ్డులో చెప్పలేదు కాబట్టే పెద్దమ్మ ఆ మనిషిని ఇప్పటికీ నెత్తిన పెట్టుకుంటుంది. టార్చి వెలుగు కదిలిందేమోనని తల ఎత్తి చూశాను. కదల్లేదు.

"పట్టుకోగలరా?" అన్నాడు ఆయన.

"మీరు కుట్టండి. నేను పట్టుకుంటాను," అంది.

అయ్యాక బాబిన్‌ని దుప్పటిలో చుట్టి తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. పొట్ట గొరిగి ఉంది, మధ్యలో నిలువుగా కుట్టు. డాక్టరు పేగులోంచి తీసిన దారాన్ని కడిగి ఒక ఖాళీ మందు సీసాలో వేసి పెద్దమ్మకి ఇచ్చాడు. మూరన్నర పొడుగుంది. పెద్దమ్మ కళ్ళజోడు సర్దుకుని బాబిన్ పొట్ట మీద కుట్టు చూసింది.

"కుట్టు కుట్టుకీ మధ్య ఎడం ఎక్కువుంది," అంది.

"అది చొక్కా కాదమ్మా, ఊపిరి తీసుకోవాలి," అన్నాడు డాక్టరు. ఆ రోజు మొదటిసారి ఆమె నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. దాణా బస్తాల మధ్య నిలబడి, ఎవరు చూస్తున్నారని కూడా లేకుండా వెక్కి వెక్కి ఏడ్చింది.

ఐదు రోజులు గండం అన్నాడు. ఆ ఐదు రోజులూ పొద్దునా సాయంత్రం ఇంజక్షనుకి మోసుకెళ్ళాం. మూడో రోజు ఒళ్ళు వేడెక్కి నా చేతుల్లోనే పోతుందనుకున్నాను. డాక్టరు మందు మార్చి, కొట్టు తలుపు దగ్గరికే వచ్చి చూసి వెళ్ళాడు. నాలుగో రోజు చెంచాడు మాంసంరసం నాకింది, నిలిచింది. ఆరో రోజు షట్టరు తీసేసరికి మిషను బల్ల ఎక్కి లైటు కింద కూర్చుని, ఇంతసేపా అన్నట్టు మా మొహాలు చూసింది.

మట్టిరంగు ప్యాంటుకి పెద్దమ్మ మోకాళ్ళ దగ్గర లోపలా బయటా రెండేసి పొరల మందం గుడ్డ వేసింది. కూలి మామూలుగానే తీసుకుంది. ఆయన రేటు ఆయనది, ఆమె రేటు ఆమెది.

మందు సీసాని నిలువుటద్దం పక్కన, అందరికీ కనబడేచోట పెట్టింది. బట్టలు వేసి చూసుకునేవాళ్ళు అదేమిటని అడక్కుండా ఉండలేరు. "మా పిల్లి మింగిన దారం. ముట్టుకోకుండా డాక్టరుకి చూపించాల్సింది, లాగాను. పేగు కోసుకుపోయింది. తప్పు నాదే," అని చెప్పేది. చొక్కా సరిగ్గానే ఉంది, నువ్వే పెరిగావు అన్నప్పుడు గడ్డం ఎలా ఎత్తేదో అచ్చం అలాగే ఎత్తి చెప్పేది. తర్వాత దాణా కొట్టు దారి చెప్పేది. "వెళ్ళగానే జరిగింది జరిగినట్టు చెప్పండి. ఆయన తిట్టడు. దాచారో, నేను తిడతాను," అనేది. కుక్కలతో, కుందేళ్ళతో, ఒకసారి తాబేలుతో కూడా జనం ముందు మా కొట్టుకి వచ్చి, తర్వాత షెడ్డుకి వెళ్ళారు.

మా నాన్న ఒకరోజు సీసా చూసి, "మొత్తానికి వదిన ఒక తప్పు ఒప్పుకుందండోయ్," అన్నాడు.

"ఒకటి ఒప్పుకున్నాను. నీ ఖాతాలో ఎన్ని ఉన్నాయో మా చెల్లెల్ని అడగమంటావా?" అంది. నాన్న చెప్పులు వెతుక్కున్నాడు.

ఆమె అలా అందరికీ చెబుతున్నకొద్దీ నాకు ముద్ద దిగడం మానేసింది. దారం కింద పడేసింది నేను. ఆమె లాగడం ఒక్కటే చెబుతోంది. అసలు ఆ దారం అక్కడికి ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు, ఆమె కూడా అడగలేదు. రెండు నెలలు అలాగే గడిచాయి.

ఒకరోజు ఒక కస్టమరు కొత్త కోటు వేసుకుని అద్దం ముందు తిరుగుతూ సీసా కథ విన్నాడు. విని పకపకా నవ్వాడు. "పిల్లికి ఆపరేషనా! అది సరే గానీ, నీ కొట్లో దారాలు నేల మీద పడేస్తారన్నమాట. ఇదేం పనితనం?" అన్నాడు.

పెద్దమ్మ మొహం ఎర్రబడింది. "పడింది నా కొట్లో, లాగింది నా చెయ్యి. రెండూ నావే. నచ్చకపోతే కోటు విప్పి అక్కడ పెట్టు. అడ్వాన్సు తీసుకుని ఇంకెక్కడైనా కుట్టించుకో," అంది.

అతను కోటు విప్పలేదు. పైకం ఇచ్చి, తల దించుకుని వెళ్ళిపోయాడు. నేను చేతిలో కాజా వదిలేసి లేచి నిలబడ్డాను.

"పెద్దమ్మా, పడేసింది నేను. ఆదివారం సాయంత్రం. డబ్బాలో వెయ్యలేదు," అన్నాను.

"తెలుసు," అంది, మిషను తొక్కడం ఆపకుండానే.

"ఎవరు చెప్పారు?"

మిషను ఆపింది. అద్దం దగ్గరికి వెళ్ళి సీసా తెచ్చి బల్ల మీద వంపింది. డాక్టరు తీసిన మూరన్నర దారంతో పాటు ఇంకో చిన్నముక్క కూడా జారిపడింది, జానెడు. సోమవారం పొద్దున ఆమె చేతికి తెగి వచ్చిన ముక్క. దాని చివర రెండు ముళ్ళున్నాయి.

"సోమవారమే తెలుసు. నువ్వు కొట్టుకి రాకముందే," అంది.

"మరి ఎందుకు చెప్పలేదు? నన్నొక్క మాట అనలేదేం?"

"అంటే ఏమయ్యేది? నెల రోజులు ఏడ్చేదానివి. కాజాలన్నీ వంకర పోయేవి," అంది. దారాలు మళ్ళీ సీసాలోకి తోస్తూ, "నువ్వు పడేశావని చెబితే నేను లాగింది చిన్నదైపోతుందేమోనని ఆశ పుట్టిందే నాకు. ఆ ఆశ చూసి నాకే రోత పుట్టింది. అందుకే ఆ మాట ఎత్తలేదు," అంది.

బాబిన్ మిషను బల్ల మీద ఒళ్ళు విరుచుకుని మళ్ళీ పడుకుంది. పొట్ట మీద బొచ్చు పెరిగింది గానీ మధ్యలో నిలువుగా ఒక సన్నటి దారి ఇంకా కనబడుతోంది.

మర్నాడు కోడి ముసలావిడ మనవరాలి గౌను కొలతలకి వచ్చి, అద్దం పక్కన సీసా చూసి అదేమిటని అడిగింది. "లాగింది నేను," అంది పెద్దమ్మ. అని అక్కడితో ఆగి, కళ్ళజోడు పైనుంచి నావైపు చూసింది.

"పడేసింది నేను," అన్నాను.

ముసలావిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "బతికిందిగా," అంది. ఆమె వెళ్ళాక కచ్చాకుట్టు వేయాల్సిన కోటు ఒకటి నా ముందుకొచ్చింది. సూదిలో దారం ఎక్కించి, చివర జాగ్రత్తగా ఒకే ఒక్క ముడి వేశాను. పెద్దమ్మ చూసింది. సూది నా చేతిలోంచి లాక్కుని ఆ ముడి కత్తిరించి పారేసి మళ్ళీ నాకిచ్చింది. పారేసిన ముడిని తనే వంగి తీసి డబ్బాలో వేసింది.

"రెండే వెయ్యి," అంది. "ఎవరిదో తెలియాలిగా."